మెడలో దాగిన బిళ్ళ

నోటిలో పుట్టిన రాచపుండు నోటిలోనే ఉండిపోతే వైద్యుని భారం చాలావరకు తగ్గేది. కాని అది తొలి మజిలీ చేసేది మెడలో. అక్కడ సుమారు 300 లింఫు గ్రంథులున్నవి. ఒక్కదానికి వ్యాధి పాకినా రోగి బ్రతికే అవకాశం దాదాపు సగానికి పడిపోతుంది.

బిలాస్‌పూర్ వంటి రైల్వే పట్టణంలో ఇది పుస్తకాలకు పరిమితమైన విషయం కాదు. బెంగాల్ నాగపూర్ రైల్వే నాటి నుండి తెలుగు కుటుంబాలు స్థిరపడిన ఊరది. ఛత్తీస్‌గఢ్‌లో పొగాకు ముద్ద అయిన గుడాఖును చిగుళ్ళకు రుద్దుకొనే అలవాటున్నది. ఇటు శ్రీకాకుళం తీరంలో చుట్ట నిప్పుకొసను నోటిలో ఉంచి కాల్చే అడ్డపొగ స్త్రీలలోనే ఎక్కువ. రెండూ నోటి పుండుకు దారితీసేవే.

మెడను వైద్యుడు ముందు వ్రేళ్ళతో తడిమి చూస్తాడు. పిమ్మట అల్ట్రాసౌండ్, సి.టి., ఎం.ఆర్.ఐ. చిత్రాలు. గ్రంథి సుమారు ఒక సెంటీమీటరు దాటినదా, చిక్కుడుగింజ ఆకారం పోయి గుండ్రమైనదా, నడుమ కుళ్ళినదా అన్నవి గుర్తులు. చిక్కంతా ఇక్కడే. పుచ్చుపన్ను వల్ల కూడా దవడ క్రింద బిళ్ళ కడుతుంది. పెట్ స్కాన్‌లో అదీ వెలుగుతుంది. మామూలు పరిమాణంలోనే ఉన్న గ్రంథిలో రెండు మిల్లీమీటర్ల వ్యాధి దాగితే ఏ యంత్రమూ నమ్మకంగా పట్టలేదు. అల్ట్రాసౌండ్‌లో చూస్తూ సన్నని సూదితో కణాలు తీసే పద్ధతి మేలైనదే, చవకైనదే. అయితే సూదికీ గురి కనబడాలి గదా!

"ఫిలిం శుభ్రంగా ఉండగా మెడ ఎందుకు కోయాలి?" అని బంధువులు అడగడం సహజం. సమాధానం, బిలాస్‌పూర్ మీదుగా సాగే హౌరా-ముంబై మార్గం చివర, టాటా మెమోరియల్ ఆసుపత్రిలో దొరికింది. నోటి వ్యాధి తొలిదశలో ఉండి, మెడలో ఏమీ బయటపడని రోగులను 2004-14 మధ్య రెండు వర్గాలు చేశారు. ఒక వర్గానికి నోటితోపాటే మెడ గ్రంథులు తీసివేశారు. రెండవ వర్గానికి బిళ్ళ కనబడినప్పుడే తీశారు. 2015లో 500 మంది ఫలితాలు వెలువడ్డవి. మూడేళ్ళకు మొదటి వర్గంలో 80 శాతం జీవించి ఉండగా, రెండవ వర్గంలో 67.5 శాతమే. మొదటి వర్గంలో తీసిన గ్రంథులను సూక్ష్మదర్శిని క్రింద పరీక్షిస్తే పదిమందిలో ముగ్గురికి వ్యాధి అప్పటికే పాకి ఉన్నది.

అంతమాత్రాన యంత్రాన్ని తీసివేయరాదు. దాని వేళ వేరు. మెడకు వ్యాధి పాకి, మందులతోను కిరణాలతోను చికిత్స పొందిన 564 మందిపై బ్రిటన్‌లో జరిగిన పరిశీలన 2016లో వెలువడింది. చికిత్స ముగిసిన పన్నెండు వారాలకు పెట్-సి.టి. తీసి, అవసరమైతేనే కత్తి పట్టిన వర్గంలో 54 శస్త్రచికిత్సలు జరిగాయి. అందరికీ మెడ కోయదలచిన వర్గంలో 221. బ్రతికినవారి సంఖ్యలో మాత్రం చెప్పుకోదగిన తేడా లేదు.