చంద్రుని మీద సూటు, మన చేతిలో ఫోను



మొన్న యవ్వనస్థుల కూడిక అయ్యాక ఒక తమ్ముడు ఫోను చూపించి, "అయ్యగారూ, చంద్రుని మీద మనిషి దిగింది అబద్ధమంట కదా?" అని అడిగాడు. ఆ వీడియో మాకు కొత్తది కాదు. ఒకప్పుడు మేమే దాన్ని నలుగురికి పంపాము.

అందులో ప్రశ్న ఇది. చంద్రుని మీద గాలి లేదు కాబట్టి గాలి నింపిన సూటు బెలూనులా ఉబ్బి బిగుసుకుపోవాలి. మరి వాళ్లు ఎలా నడిచారు?

ప్రశ్న మంచిదే. 1965 మార్చి 18న రష్యా వ్యోమగామి అలెక్సీ లియోనోవ్ మొట్టమొదట అంతరిక్షంలో నౌక బయటికి వచ్చినప్పుడు అదే జరిగింది. సూటు ఉబ్బిపోయి, తిరిగి లోపలికి దూరలేక, వాల్వు తిప్పి కొంత ఒత్తిడి తగ్గించుకొని బ్రతికాడు.

జవాబు మన సైకిలులోనే ఉంది. ట్యూబుకు ఒక్కదానికే గాలి కొడితే ఉబ్బి పగులుతుంది, టైరు ఉంటే పట్టి ఉంచుతుంది. అపోలో సూటులోనూ గాలి పోకుండా ఆపే రబ్బరు పొర, దాని మీద ఉబ్బకుండా పట్టే గట్టి పొర ఉన్నాయి. మోకాళ్లు, మోచేతుల దగ్గర హార్మోనియం తిత్తిలాంటి మడతలు పెట్టారు. పైగా లోపల నింపింది ఆక్సిజన్ మాత్రమే. అందుకే చదరపు అంగుళానికి 3.7 పౌండ్ల ఒత్తిడి సరిపోయింది. మన చుట్టూ ఉన్న గాలి ఒత్తిడి 14.7. అయినా ఆ చేతి తొడుగుల్లో వేళ్లు నొప్పిపుట్టేవి.

అంతేకాదు, మన శ్రీహరికోట నుండి వెళ్లిన చంద్రయాన్-2 అపోలో 11 దిగిన చోటును 2021లో ఫోటో తీసింది.

ఇంకొక మాట. ఆల్డ్రిన్ చంద్రుని మీద దిగాక ప్రభు బల్ల తీసుకున్నాడని మేము ప్రసంగాల్లో సంతోషంగా చెప్పాము. అసలు దిగనే లేదన్న వీడియోనూ మేమే పంపాము. రెండు నాలుకలతో మాట్లాడినట్టు కాదా?

అనుమానించడం పాపం కాదు. తోమా కూడా అడిగాడు, కానీ జవాబు ఎదురుగా నిలిచినప్పుడు కళ్లు మూసుకోలేదు. అబద్ధ సాక్ష్యం కోర్టులోనే పలుకుతామనుకోకండి, బొటనవేలితో కూడా పలుకుతాము. సూటు విషయంలో అబద్ధం పంచిన మమ్మల్ని, సమాధి ఖాళీ అని చెప్పినప్పుడు ఆ తమ్ముడు ఎందుకు నమ్మాలి?

ఆ నలుగురికీ ఫోను చేసి, మేము పంపింది తప్పని ఒప్పుకున్నాము. మీరూ ఎవరికైనా పంపి ఉంటే, ఈ వారమే ఆ మాట చెప్పండి.

దేవుడు మిమ్మును దీవించును గాక. ఆమేన్.