తెరపై అధికార మెవరిది?

ఇల్లు కట్టువాడు మేస్త్రి. అందులో మంచ మెక్కడ వేయవలెనో నిర్ణయించువాడు కాపురముండువాడు. కంప్యూటరు తెర విషయమున ఈ న్యాయము ఎంతవరకు చెల్లునన్నది విద్యావంతులు యోచింపదగిన ప్రశ్న.

లినక్సు కంప్యూటర్లలో విరివిగా వాడుకలోనున్న గ్నోమ్ అను తెర వ్యవస్థ ఇందుకు చక్కని నిదర్శనము. 2011 ఏప్రిల్‌లో దాని మూడవ రూపము వెలువడినప్పుడు, విండోల పైభాగమున చిరకాలముగా ఉన్న కుదించు బటను, విస్తరించు బటను మాయమైనవి. మూయు బటను మాత్రమే మిగిలినది. అలవాటుపడిన చేతులు తడబడినవి.

నిర్మాతల వాదము తేలికగా త్రోసివేయదగినది కాదు. సెట్టింగులు పెరిగినకొలది పరీక్షింపవలసిన పనియు, తప్పులు దొర్లు అవకాశమును, వాడువారి తికమకయు పెరుగునని గ్నోమ్ నిర్మాతలలో ఒకరైన హేవక్ పెన్నింగ్టన్ అంతకు చాల ముందే వాదించినారు. కొత్తగా నేర్చువానికి నూరు మీటలు చూపుట బోధన కాదు, బెదిరింపు.

అయినను ఒకే కొలత చొక్కా అందరికి సరిపోదు. కొందరు పాత రూపమునే కొనసాగింపనెంచి 2011లోనే 'మాతే' అను వేరు శాఖను ప్రారంభించినారు. ఉన్న ఇంటిలోనే సర్దుకొనగోరినవారికి 'ట్వీక్ టూల్' లభించినది; దానికే తరువాత 'ట్వీక్స్' అని పేరు మారినది. వ్యవస్థలో ముందే ఉండి, సాధారణ సెట్టింగులలో కానరాని పెక్కు మీటలను అది వెలికి తెచ్చును. దానితో పోయిన బటన్లు తిరిగి వచ్చును, ఫాంటు మారును, అక్షరముల పరిమాణము కోరినంత పెరుగును.

తెలుగువారికి ఈ చివరి సౌకర్యము అలంకారము కాదు. ఆంగ్లాక్షరము చిన్నదైనను చదువ వీలగును. పైన గుడి, క్రింద ఒత్తు మోయు తెలుగక్షరము అదే పరిమాణమున ముద్దకట్టును. సాధారణ సెట్టింగులలోని 'పెద్ద అక్షరములు' అను మీట ఒక్క మెట్టు మాత్రమే ఎక్కించును. ట్వీక్స్‌లో 1.00 నుండి 1.10కో, 1.15కో, కంటికి ఎంత అవసరమో అంత పెంచవచ్చును. చూపు మందగించిన విద్యార్థికి చదువు అందుటయు, అందకపోవుటయు ఈ చిన్న అంకెపై ఆధారపడవచ్చును.

రంగులు మార్చుటలోనే పూటలు గడుపువారు లేకపోలేదు. అందుకని పాఠశాలలో మీటలన్నిటికి తాళము వేయుట పరిష్కారము కాదు. మార్పునకు ముందు పాత విలువను పుస్తకములో వ్రాసికొనుట, ఒకసారి ఒక్కదానినే మార్చుట, ఫలము చూచి నిలుపుటయో మరల్చుటయో నిర్ణయించుట—ఇవి నేర్పినచో అది వినోదము కాదు, ప్రయోగశాల పాఠమే యగును.

సరళత నిర్మాత ధర్మము. ఆ సరళత సరిపడనివానికి తలుపు తెరచియుంచుటయు ఆ ధర్మములోని భాగమే. తలుపు ఎచ్చట నున్నదో చూపుట ఉపాధ్యాయుని వంతు.