ముప్పయ్యో ఏట మొదలెట్టిన ఆట

2007 మొదట్లో బ్రిటన్ పర్యావరణ శాఖలో పనిచేస్తున్న ఒకావిడ ఉద్యోగం మానేసింది. వయసు ముప్పై. మాంచెస్టర్‌లో ఎమ్మే చేసింది, నేపాల్ పల్లెల్లో మంచినీళ్ల, మరుగుదొడ్ల పనులు చూసి వచ్చింది. అంతటి సర్కారు ఉద్యోగం ఎందుకు వదిలిందయ్యా అంటే, ఈదడానికి, సైకిల్ తొక్కడానికి, పరిగెత్తడానికి! మన ఇళ్లలో ఈ కబురు తెలిసిన రాత్రి ఎవరికీ అన్నం సయించదు. ఆవిడ పేరు క్రిస్సీ వెల్లింగ్టన్.

ఆమె ఎంచుకున్న ఐరన్‌మ్యాన్ పోటీలో ముందు 3.8 కిలోమీటర్లు ఈదాలి. ఒడ్డెక్కి 180 కిలోమీటర్లు సైకిల్ తొక్కాలి. అది దిగి పూర్తి మారథాన్, అంటే 42.2 కిలోమీటర్లు పరిగెత్తాలి. హవాయి దీవుల్లోని కోనాలో జరిగే ప్రపంచ పోటీలో వీటికి తోడు ఎండ, ఎదురుగాలి, దారికి అటూ ఇటూ నల్లటి లావా బీడు. ప్రొఫెషనల్‌గా మారిన ఏడాదే అక్టోబరులో ఆమె అక్కడ గెలిచింది. ఎవరీ అమ్మాయి అని వ్యాఖ్యాతలే తడుముకున్నారు.

నాకు మాత్రం ఆ గెలుపు కన్నా 2008 నాటిదే ఎక్కువ నచ్చుతుంది. అందరికన్నా ముందున్న మనిషికి నడిదారిలో టైరు పంక్చరైంది. ఈ పోటీల్లో పంపు కొట్టే తీరిక ఉండదు. వేలెడంత గ్యాస్ సిలిండర్‌తో ఒక్క ఊపులో గాలి నింపేస్తారు. ఆమె దగ్గరున్న గ్యాసంతా టైరులోకి ఎక్కకుండానే తుస్సుమంది. రోడ్డు పక్కన నిలబడి, వచ్చేపోయే వాళ్లను అడగడం తప్ప చేయగలిగిందేమీ లేదు. వెనకబడ్డ వాళ్లంతా ఒక్కొక్కరే దాటిపోతున్నారు. చివరికి ఆస్ట్రేలియా అమ్మాయి రెబెకా కీట్ పోతూ పోతూ తన సిలిండర్ విసిరేసి వెళ్లింది. కీట్ కూడా అదే పోటీలో గెలవడానికి వచ్చిన మనిషే. దారిలో తనకే పంక్చరైతే? ఆ లెక్క ఆమె వేసుకోలేదు. పది నిమిషాలు పోగొట్టుకున్న వెల్లింగ్టన్ మళ్లీ సైకిలెక్కి ముందున్న వాళ్లందర్నీ దాటి గెలిచింది. రికార్డుల పట్టికలో కీట్ చేసిన పనికి గడి లేదు.

2009లోనూ గెలిచి, పదిహేడేళ్లుగా చెక్కుచెదరని పౌలా న్యూబీ-ఫ్రేజర్ కోనా రికార్డును దాటింది. 2010లో జబ్బుపడి, పోటీ రోజు పొద్దునే తప్పుకుంది. 2011 జులైలో జర్మనీలోని రోత్‌లో 8 గంటల 18 నిమిషాల 13 సెకన్లలో పూర్తిచేసింది. ఈ దూరంలో ఆడవాళ్ల రికార్డుగా అది 2023 దాకా నిలిచింది. 2011 అక్టోబరు కోనా పోటీకి రెండు వారాల ముందు సైకిల్ మీంచి పడి ఒళ్లంతా గీరుకుపోయింది. అయినా బరిలో దిగింది. సైకిల్ దిగేసరికి ముందున్నామెకు ఇరవై నిమిషాలకు పైగా వెనక. పరుగులో ఆ దూరమంతా పూడ్చుకుని, రెండో స్థానంలో నిలిచిన మిరిండా కార్‌ఫ్రేను మూడు నిమిషాల లోపు తేడాతో ఓడించింది. ఈ దూరంలో పదమూడు పోటీల్లో దిగి, పదమూడూ గెలిచి, 2012 డిసెంబరులో చాలనుకుంది.

ఒకప్పుడు తిండికి భయపడి తన ఒంటిని తానే శిక్షించుకున్న సంగతి కూడా ఆమె ఆత్మకథలో దాచలేదు. మన అమ్మాయిల తల్లిదండ్రులు పతకాల కథ కన్నా ముందు ఆ పేజీలు చదివితే మేలని నా అభిప్రాయం.

రిటైరయ్యాక ఊరుకోలేదు. సైక్లిస్టులు మరియాన్ వోస్, ఎమ్మా పూలీ, క్యాథ్రిన్ బెర్టీన్‌లతో కలిసి, టూర్ ద ఫ్రాన్స్ నిర్వాహకులు ఆడవాళ్లకూ పోటీ పెట్టాలని సంతకాలు సేకరించింది. దాదాపు లక్ష మంది సంతకం చేశారు. 2014లో పారిస్ వీధుల్లో ‘లా కోర్స్’ అలా మొదలైంది. ఐరన్‌మ్యాన్‌లో ప్రైజు డబ్బు మగవాళ్లకూ ఆడవాళ్లకూ సమానమే. కానీ ఆ రోజుల్లో కోనాలో ప్రొఫెషనల్ మగవాళ్లకు యాభై చోట్లు, ఆడవాళ్లకు ముప్పై అయిదే. సమానమని గట్టిగా చెప్పేచోట ఇలాంటి చిన్న లెక్కలు అడిగి చూడాలి. మన సంఘం ఆటల పోటీలూ దీనికి మినహాయింపు కాదు. క్రికెట్ టోర్నమెంటుకు రెండు రోజులు గ్రౌండు తీసుకుంటాం. ఆడవాళ్ల వంతు వచ్చేసరికి మ్యూజికల్ చైర్స్, లెమన్ అండ్ స్పూన్!

ఆ తర్వాత వెల్లింగ్టన్ పార్క్‌రన్ సంస్థలో ఆరోగ్య విభాగం బాధ్యతలు చేపట్టింది. శనివారం పొద్దున పార్కులో అయిదు కిలోమీటర్లు. ఫీజు లేదు, నడిచినా ఎవరూ ఏమనరు. మన వదినలు, పిన్నులు కొందరు ఇప్పటికే వెళ్తున్నారు. కొత్తగా ఇక్కడికొచ్చిన అత్తయ్యలు చుడీదార్, స్నీకర్స్ వేసుకుని కోడళ్ల వెంట నడుస్తున్నారు.

నలభై దాటాక పరుగు మొదలెట్టిన వాళ్లూ, కూతురి ఈత పోటీలకు తెల్లవారుజామునే కారు నడిపే నాన్నలూ వచ్చే సంచికకు రాసి పంపండి. రెండు పేజీలు అట్టిపెడుతున్నాం. ఫోటోలో పతకం ఉండాలన్న నియమం లేదు.