ఆటల గంటయు చదువే

దిల్‌సుఖ్‌నగరమున వీధివీధిని కోచింగు సెంటర్ల బోర్డులు కనబడుచున్నవి. బాలురాడు మైదానములు మాత్రము అరుదు. పరీక్షలు సమీపింపగానే పదవ తరగతివారి ఆటల గంటను గణితమునకిచ్చుట పలుబడులలో వాడుకయైనది. ఇది మేలుగాదని మా యభిప్రాయము.

మన నగర చరిత్రయే యిందుకు సాక్షి. ఉస్మానియా విశ్వవిద్యాలయమున చదువుచు ఫుట్‌బాలాడిన సయ్యద్ అబ్దుల్ రహీముగారు తొలుత బడిపంతులు. వారు తీర్చిదిద్దిన హైదరాబాదు సిటీ పోలీసు జట్టు 1950 మొదలు 1954 వరకు వరుసగా అయిదేండ్లు రోవర్సు కప్పును గెలిచినది. వారి శిక్షణలోనే భారత జట్టు 1956లో మెల్బోర్ను ఒలింపిక్సునందు నాలుగవ స్థానము నందెను; 1962లో జకార్తాలో దక్షిణ కొరియాను 2-1 గోలులతో నోడించి ఆసియా క్రీడల స్వర్ణపతకమును గొనితెచ్చెను.

బంతిని ఒక్కడే నడుపుకొని పోవుటకంటె అదనెరిగి తోడివానికందించుట మేలని రహీముగారు నేర్పిరి. తనకు పేరు రాకున్నను జట్టు గెలువవలెనను బుద్ధి పుస్తకము వల్లించినంత మాత్రమున రాదు, ఆటలోనే అలవడును.

ఎల్.బి.నగరమునకు ఆవలనుండి బస్సులో వచ్చు బిడ్డ యిల్లు చేరునప్పటికి ప్రొద్దుగ్రుంకును. వానికి బడిలోని ఆ గంట తప్ప వేరు ఆట లేదు. అది మేటి పదునొకండుగురికే గాక, పరుగెత్తలేని బాలునికిని, బాలికలకును దక్కవలయును. పరీక్షల నెలలో సయితము దానిని కాపాడుడని తోడి ఉపాధ్యాయులను, కాపాడినందుకు అలుగవలదని తలిదండ్రులను వేడుచున్నాము.