విత్తనానికి పేటెంటు సంకెల వద్దు

బాపట్లలో పుట్టి దేశమంతా పాకిన సాంబ మసూరి ఇప్పుడు కొత్త రూపంలో రైతు గడప తొక్కబోతోంది. 2025 మే 4న కేంద్ర వ్యవసాయ మంత్రి శివరాజ్ సింగ్ చౌహాన్ జన్యు సవరణతో తయారైన రెండు వరి రకాలను ప్రకటించారు. మొదటిది డీఆర్ఆర్ ధాన్ 100, దానికి పెట్టిన పేరు ‘కమల’. హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని భారత వరి పరిశోధన సంస్థ దాన్ని సాంబ మసూరి నుంచే, అంటే మన రైతులు బీపీటీ అని పిలుచుకునే 5204 నుంచే తీసింది. రెండోది పూసా డీఎస్‌టీ రైస్ 1. దాని మూలం పశ్చిమ గోదావరి జిల్లా మార్టేరు పరిశోధన కేంద్రం ఇచ్చిన కాటన్‌దొర సన్నాలు. రెండింటికీ తల్లి విత్తనం తెలుగు నేలదే. పరిశోధనకు పెట్టింది ప్రజల సొమ్ము. అయినా ఈ విత్తనం మీద రైతుకు పూర్తి హక్కు ఉంటుందా లేదా అన్నది ఎవరూ తేల్చి చెప్పలేదు. పేటెంటు ఏ రూపంలో ఉన్నా, ఎవరి చేతిలో ఉన్నా అది విత్తనం దాకా రాకూడదన్నది మా నిశ్చితాభిప్రాయం.

శాస్త్రవేత్తల కృషిని తక్కువ చేసే ఉద్దేశం మాకు లేదు. వరి వెన్నులో ఎన్ని గింజలు పట్టాలో అదుపు చేసే జన్యువు ఒకటుంది. దాని జోరు తగ్గిస్తే గింజలు పెరుగుతాయి. బయటి జీవి జన్యువును చొప్పించకుండా, ఉన్న జన్యువునే సరిగ్గా అవసరమైన చోట కత్తిరించి ‘కమల’ను రూపొందించారు. దిగుబడి 19 శాతం పెరుగుతుందని, పంట దాదాపు 20 రోజులు ముందే కోతకొస్తుందని భారత వ్యవసాయ పరిశోధన మండలి చెబుతోంది. ఈ లెక్కలు రైతు పొలంలో రుజువు కావాలి. రుజువైతే మాత్రం అది చిన్న మేలు కాదు. డిసెంబరులో కాలువకు నీళ్లు ఆగిపోయి పొట్ట దశలో పైరు ఎండిపోతుంటే చూస్తూ కూర్చున్న ఆయకట్టు చివరి రైతుకు ఇరవై రోజుల విలువ ఎంతో తెలుసు.

చిక్కంతా ఆ కత్తెర దగ్గరే ఉంది. దాని పేరు క్రిస్పర్-కాస్9. 2012లో జెన్నిఫర్ డౌడ్నా, ఇమ్మాన్యుయెల్ షార్పెంటియే దాన్ని లోకానికి చూపారు. 2020లో ఇద్దరికీ నోబెల్ వచ్చింది. ఆ కత్తెర ఎవరి సొత్తన్న తగాదా వారి విశ్వవిద్యాలయాలకూ బోస్టన్ సమీపంలోని బ్రాడ్ ఇన్‌స్టిట్యూట్‌కూ మధ్య అమెరికాలో ఏళ్ల తరబడి నడుస్తూనే ఉంది. మన పేటెంటు కార్యాలయం కూడా 2022లో కాలిఫోర్నియా, వియన్నా విశ్వవిద్యాలయాలకు, షార్పెంటియేకు కలిపి ఒక పేటెంటు మంజూరు చేసింది. వ్యవసాయంలో ఈ పరికరం వాడకానికి లైసెన్సులిచ్చే అధికారం చాలావరకు కోర్టెవా అనే అమెరికన్ విత్తన కంపెనీ గుప్పిట్లో ఉంది. పరిశోధన కోసం పేటెంటు ఉన్న పరికరాన్ని వాడుకోవడానికి మన చట్టం 47వ సెక్షన్ అనుమతిస్తుంది. కానీ ప్రయోగశాల దాటి విత్తనం దుకాణంలోకి రాగానే లెక్క మారిపోతుంది. దిగుబడి గురించి, నీటి ఆదా గురించి ఘనంగా చెప్పిన పెద్దలు ఈ కత్తెర లైసెన్సు సంగతి రైతుకు చెప్పలేదు.

మన పేటెంట్ల చట్టంలోనే రెండు సెక్షన్లు ఎదురెదురుగా నిలబడి ఉన్నాయి. మొక్కలు, విత్తనాలు, రకాలు, వాటిలోని ఏ భాగమూ పేటెంటుకు తగిన ఆవిష్కరణ కాదని 3(జె) నిక్కచ్చిగా చెబుతుంది. 48వ సెక్షన్ మరో దారి తెరుస్తుంది. ఒక ప్రక్రియకు పేటెంటు ఉంటే, ఆ ప్రక్రియ ద్వారా నేరుగా వచ్చిన వస్తువు అమ్మకం మీద కూడా పేటెంటుదారుకు హక్కు ఉంటుందని దాని సారాంశం. జన్యు సవరణ ప్రక్రియకు పేటెంటు ఉంది కాబట్టి, దాని ద్వారా వచ్చిన వడ్ల గింజ మీద కూడా మాకు హక్కుందని రేపు ఎవరైనా కోర్టుకెక్కితే? ముందు తలుపు నుంచి రానివ్వని పేటెంటు పెరటి దారిన వస్తుంది.

వరి విషయంలో ఇది ఎంత ప్రమాదమో తెలియాలంటే మృగశిర కార్తెలో ఏ డెల్టా పల్లెకైనా వెళ్లి చూడాలి. పోయిన పంటలో ఏపుగా, కల్తీ లేకుండా పండిన మడిని గుర్తుపెట్టుకుని విడిగా కోసి, నూర్చి, ఎండబెట్టి దాచిన వడ్లు గోనె సంచిలోంచి బయటికొస్తాయి. ఉప్పు నీళ్లలో పోసి తేలిన తాలు తీసేస్తారు. మంచి నీళ్లతో కడిగి, నానబెట్టి, తడి గోనెల్లో మండె కడతారు. మర్నాటికి తెల్లటి మొలక ముక్కు బయటపెడుతుంది, నారుమడికి చల్లుతారు. చుట్టానికో, పక్క ఊరి రైతుకో పంట మీద ఇచ్చే షరతుతో బస్తా విత్తనం బదులిస్తారు. సాంబ మసూరి ఇన్ని జిల్లాలకు, ఇన్ని రాష్ట్రాలకు చేరిందంటే ఈ చేబదుళ్లది అందులో పెద్ద పాత్ర. దాచుకోవడం, మళ్లీ విత్తుకోవడం, ఇచ్చిపుచ్చుకోవడం, బ్రాండు పేరు పెట్టకుండా అమ్ముకోవడం రైతు హక్కు అని 2001 నాటి మొక్కల రకాల పరిరక్షణ, రైతు హక్కుల చట్టం 39వ సెక్షన్‌లో రాసే ఉంది. ఆ చట్టం ఇచ్చిన హక్కును పేటెంటు చట్టం లాగేసుకోకూడదు.

ఇవన్నీ ఊహాజనిత భయాలని కొట్టిపారేసేవారు పత్తి రైతు అనుభవాన్ని ఒకసారి గుర్తు చేసుకోవాలి. 2002లో బీటీ పత్తికి అనుమతి వచ్చింది. మూడేళ్లు తిరగకముందే 450 గ్రాముల ప్యాకెట్ ధర 1,600 రూపాయలు దాటింది. అందులో 1,250 రూపాయల దాకా కేవలం జన్యువు అద్దె. కంపెనీల భాషలో ట్రెయిట్ ఫీజు. వరంగల్, గుంటూరు రైతులు అప్పు తెచ్చి ఆ అద్దె కట్టారు. విచిత్రమేమిటంటే, తొలి బీటీ జన్యువుకు మన దేశంలో పేటెంటే లేదు. విత్తన కంపెనీలతో రాసుకున్న ఒప్పందాలతోనే మోన్‌శాంటో సంస్థ ఆ సొమ్ము వసూలు చేసింది. అప్పటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2006లో గుత్తాధిపత్య వ్యాపార కమిషన్ తలుపు తట్టింది, ప్యాకెట్ ధరను 750 రూపాయలకు దించింది, మరుసటి ఏడాది ఏకంగా చట్టమే చేసింది. బహుళజాతి సంస్థ రైతు మీద మోపిన రుసుముకు దేశంలో మొదట ఎదురు నిలిచింది ఈ తెలుగు నేలే. ఆ తర్వాతే కేంద్రం మేలుకుని 2015 డిసెంబరులో ధరల నియంత్రణ ఉత్తర్వు తెచ్చింది. 2016లో ఆ అద్దెను 49 రూపాయలకు కోసింది. 2020కి సున్నా చేసింది. అప్పటికే గులాబీ పురుగు బీటీకి లొంగడం మానేసింది. పనిచేయని జన్యువుకు కూడా రైతు ఏళ్ల తరబడి అద్దె కట్టాడన్నమాట.

అసలు ప్రశ్న మాత్రం ఈనాటికీ తేలలేదు. రెండో తరం బీటీ జన్యువు పేటెంటు మీద మోన్‌శాంటోకు, హైదరాబాద్‌కు చెందిన నూజివీడు సీడ్స్‌కు మధ్య వ్యాజ్యం నడిచింది. విత్తనంలో కలిసిపోయిన జన్యువుకు 3(జె) కింద పేటెంటు చెల్లదని ఢిల్లీ హైకోర్టు ధర్మాసనం 2018 ఏప్రిల్‌లో తీర్పిచ్చింది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఆ తీర్పును పక్కనపెట్టి, పూర్తి విచారణ జరపాలంటూ కేసును వెనక్కి పంపింది. 2021లో ఇరుపక్షాలూ కోర్టు బయట రాజీపడ్డాయి. కంపెనీలు రెండూ సర్దుకున్నాయి. రైతుకు రావలసిన సమాధానం మాత్రం రాలేదు.

పత్తి హైబ్రిడ్ కాబట్టి రైతు ఎలాగూ ఏటా కొనుక్కోవలసిందే. వరి అలా కాదు. ఏటా కొనేలా చేయాలంటే చట్టంతోనే రైతు చేతులు కట్టేయాలి. పరాయి దేశాల్లో అది జరిగింది. అమెరికాలో వెర్నన్ బౌమన్ అనే ఇండియానా రైతు ధాన్యం గిడ్డంగిలో కొన్న సోయా గింజలు విత్తుకుని, ఆ పంటలోంచే మళ్లీ విత్తనం దాచుకున్నందుకు 84 వేల డాలర్లకు పైగా చెల్లించాలని 2013లో అక్కడి సుప్రీంకోర్టు ఏకగ్రీవంగా ఖరారు చేసింది. కెనడా రైతు పెర్సీ ష్మైజర్ కూడా 2004లో ఇలాంటి కేసులోనే ఓడిపోయాడు. మన దేశంలోనే 2019లో గుజరాత్ బంగాళదుంప రైతుల్లో కొందరిపై పెప్సీకో తలా కోటి రూపాయలకు పైగా దావా వేసింది. అది పేటెంటు కేసు కాదు, రకం రిజిస్ట్రేషన్ కేసు. దేశమంతా గగ్గోలు పుట్టాక గానీ ఆ దావాలు వెనక్కి పోలేదు. ప్రతి రైతుకూ అలాంటి గొంతు తోడు దొరుకుతుందా?

పేటెంటు లేకపోతే కొత్తది ఎవరు కనిపెడతారని అడిగేవారున్నారు. న్యాయమైన ప్రశ్నే. కొత్త మిక్సీ జారు, కొత్త స్ప్రేయర్ నాజిల్ రూపొందించినవాడికి దాని మీద కొన్నాళ్లు హక్కు ఇవ్వడంలో మాకు అభ్యంతరం లేదు. మిక్సీ కొన్న ఇంట్లో మరో మిక్సీ పుట్టదు. విత్తనం పుడుతుంది, పుట్టడమే దాని ధర్మం. పైగా ‘కమల’లో మార్చింది ఒక్క జన్యువును. మిగిలిన వేలాది జన్యువుల పొందికను సమకూర్చింది బాపట్ల శాస్త్రవేత్తలు, వారికన్నా ముందు తరతరాల రైతులు. ఒక్క కత్తిరింపుకు మొత్తం గింజ మీద హక్కు రాసివ్వడం ఏ న్యాయం? కత్తెర కనిపెట్టినవారికి ఇవ్వవలసింది ఉంటే ప్రభుత్వం ఒకేసారి లెక్కగట్టి ఖజానా నుంచి ఇవ్వాలి. 2023-24 బడ్జెట్‌లో పంటల జన్యు సవరణకు 500 కోట్లు కేటాయించిన ప్రభుత్వానికి అది మోయలేని భారం కాదు.

కటక్‌లోని కేంద్ర వరి పరిశోధన సంస్థ క్రిస్పర్‌కు బదులుగా వాడగలిగే టీఎన్‌పీబీ అనే స్వదేశీ పరికరాన్ని తయారు చేసి 2025లో పేటెంటు పొందింది. ఇది గర్వించదగ్గ విజయం. ఇకపై మన రకాలను ఈ కత్తెరతోనే సవరించాలి. అయితే ప్రభుత్వ సంస్థ చేతిలోని పేటెంటు కూడా పేటెంటే. దాన్ని ప్రైవేటు విత్తన కంపెనీలకు లైసెన్సు ఇచ్చేటప్పుడు, రైతు దాచుకున్న విత్తనం జోలికి రాబోమన్న హామీ ఆ పత్రంలో అక్షరాలా ఉండాలి.

బ్రీడరు, ఫౌండేషన్, సర్టిఫైడ్ దశలు దాటితే గానీ కొత్త విత్తనం రైతు చేతికి రాదు. ఆ వ్యవధిలోనే పని పూర్తి కావాలి. ‘కమల’కు, పూసా డీఎస్‌టీకి సంబంధించిన లైసెన్సు షరతులను కేంద్రం పార్లమెంటు ముందు పెట్టాలి. 48వ సెక్షన్ కింద ప్రక్రియ పేటెంటు మొక్కకు, విత్తనానికి, వాటి సంతతికి వర్తించదని ఒక్క వాక్యం చేర్చి పేటెంట్ల చట్టాన్ని సవరించాలి. 2006లో పత్తి రైతు పక్షాన కొట్లాడిన చరిత్ర హైదరాబాద్ సచివాలయానిది. ఆ వారసత్వం ఇప్పుడు ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రెండింటిదీ. నీటి వాటాల దగ్గర ఎన్ని తగాదాలున్నా సాంబ మసూరి రెండు రాష్ట్రాల రైతులదీ. ఇద్దరు ముఖ్యమంత్రులూ ఈ సవరణ కోరుతూ కేంద్రానికి ఉమ్మడిగా లేఖ రాయాలి. రెండు శాసనసభలూ వచ్చే సమావేశాల్లోనే తీర్మానం చేయాలి.