టేబుల్ వద్దనడం కూడా నేర్చుకోండి

మాడ్రిడ్‌లో మా ఇంటికి చుట్టాలు వస్తున్నారంటే చాలు, నెల ముందునుంచే స్పానిష్ వల్లెవేస్తుంటారు. 'ఓలా', 'గ్రాసియాస్' కోసం అంత శ్రమ దండగ, దిగిన పూటే నోటికొచ్చేస్తాయి. నన్నడిగితే ముందు నేర్వాల్సింది 'కెరీయా అనులార్ లా రెసెర్బా'. నా రిజర్వేషన్ రద్దు చేయండి అని.

మనకు అలవాటు లేనిది అదే మరి. పెళ్లి భోజనాలకు నలుగురు ఎక్కువొస్తే ఇంకో బంతి వేస్తాం, రాకపోతే ఎవరూ అడగరు. ఇక్కడ మా వీధి చివరి రెస్టారెంటులో ఉన్నవే పది పన్నెండు టేబుళ్లు. వంట యజమానిది, వడ్డన ఆయన భార్యది. ఆ మధ్య మనవాళ్ల బృందమొకటి శనివారం రాత్రికి పదిమందికని చెప్పి, వేరేచోట బిర్యానీ దొరికిందని అటు వెళ్లిపోయింది. కనీసం ఫోన్ లేదు. ఆవిడ మూడు టేబుళ్లు కలిపి, గ్లాసులు బోర్లించి, తలుపు దగ్గర నిలబడ్డవాళ్లను తిప్పి పంపుతూనే ఉంది. ఆమెకు నేను ఏ మొహం పెట్టుకుని చెప్పను, అందరం అలాంటివాళ్లం కాదని?

టేబుల్ అడగడం పెద్ద విద్యేం కాదు. 'దీగామే!' అంటూ ఫోనెత్తుతారు. 'చెప్పండి' అని అర్థం, కసురుకున్నట్టు ఉంటుంది గానీ కోపం కాదు. 'కెరీయా రెసెర్బార్ ఉనా మేసా పారా క్వాత్రో, పారా ఎల్ సాబదో, ఆ లాస్ నువేబే ఇ మేదియా.' శనివారం తొమ్మిదిన్నరకు నలుగురికి టేబుల్ కావాలన్నమాట. ఏడింటికి అడిగితే నవ్వుతారు. మధ్యాహ్నం నాలుగు దాటాక కట్టేసిన పొయ్యి చాలాచోట్ల రాత్రి ఎనిమిదిన్నరకు గానీ వెలగదు. ఆదివారం రాత్రి, సోమవారం మూసి ఉంచేవాళ్లు ఎక్కువ. ఆగస్టులోనైతే యజమానే సముద్రతీరానికి వెళ్లిపోయి ఉంటాడు.

తర్వాత 'ఆ నోంబ్రే దే కియేన్?' అని పేరు అడుగుతారు. మనవాళ్లు తడబడేది ఇక్కడే. వెంకట సుబ్రహ్మణ్యం అని అక్షరం అక్షరం చెప్పకండి. స్పానిష్‌లో హ పలకదు, బ-వ ఒకటే. హరిత అక్కడ అరిత అయిపోతుంది. రవి, అనిత లాంటి పొట్టి పేరు ఒకటి ఇచ్చేస్తే సరి.

ఇవన్నీ యాప్‌లోనే అవుతాయిగా అంటారు మా పిల్లలు. పెద్ద పేరున్న చోట్లకు నిజమే. 1725 నాటి బొతీన్‌కైనా, పదకొండు నెలల ముందు తేదీలు తెరిచే జిరోనాలోని సెల్యేర్ దె కాన్ రోకాకైనా ఇంట్లో కూర్చుని ఇంగ్లీషులోనే బుక్ చేసుకోవచ్చు. కానీ మా అత్తయ్య మాంసం ముట్టదన్న సంగతి వీధి చివరి వంటగదికి యాప్ చెప్పదు కదా! ఇక్కడ పచ్చి బఠాణీ కూరలోనూ హామ్ ముక్కలు వేస్తారు, మామూలు సలాడ్ మీద ట్యూనా చేప పెడతారు. అలాంటివి మాంసం లెక్కలోకి రావనుకునే వంటవాళ్లూ ఉన్నారు. అందుకే 'ఉనా పెర్సోనా ఎస్ బెఖెతారియానా, నీ ఖామోన్ నీ అతూన్' అని ఫోన్లోనే చెప్పేస్తాను. ఒకరు శాకాహారి, హామ్ వద్దు, ట్యూనా వద్దు అని. ముందే తెలిస్తే గుడ్డు, బంగాళాదుంపలతో తోర్తియా చేసి ఉంచుతారు. గుడ్డూ వద్దంటే అదీ అప్పుడే చెప్పాలి.

మంది పెరిగితే 'ఆల్ ఫినాల్ సోమోస్ సేయిస్', అంటే చివరికి ఆరుగురమయ్యాం. ఆలస్యమైతే 'యెగామోస్ ఉన్ పోకో తార్దే'. అసలు రాలేకపోతే మొదట చెప్పిన మాట. అది మధ్యాహ్నం ఒంటిగంట లోపే చెప్పండి, భోజనాల రద్దీ మొదలైతే ఫోనెత్తే తీరిక ఎవరికీ ఉండదు. 'నో పాసా నాదా', ఏం ఫర్వాలేదు అంటుంది ఆ రెస్టారెంటు ఆవిడ, అప్పటికే పుస్తకంలో మీ పేరు కొట్టేస్తూ.