క్రొత్త బండి యదురు సహింపదగినది కాదు



పాలు, కూరగాయలు, ఎరువులు మోయుటకై మన సంఘ సభ్యులు పలువురు అప్పుచేసి చిన్న సరకుల బండ్లను కొనుచున్నారు. బండి యింటికి వచ్చిన వారము లోపలనే చక్రములు అదురుచున్నవని కొందరు చెప్పుదురు. డీలరు నడిగినచో "క్రొత్తది గదా, నడువగా నడువగా సర్దుకొనును" అని పంపివేయును. ఈ మాటలో సగమే నిజము.

బండి చాలదినము లొక్కచోట నిలిచియున్నచో టైరు నేలనంటిన భాగము చదునగును. కొంతదూరము నడచి వేడెక్కిన పిమ్మట ఆ చదును సాధారణముగా పోవును. ఒకటి రెండు దూరప్రయాణములైనను అదురు పోనిచో కారణమును వెదకి తీరవలెను.

మొదట గాలి చూడవలెను. ఉదయమున టైర్లు చల్లగా నున్నప్పుడే కొలిపింపుడు. ఎంత గాలి యుండవలెనో బండిపై నంటించిన పట్టికలోనో, బండితో నిచ్చిన పుస్తకములోనో యుండును. టైరు ప్రక్కన అచ్చొత్తిన అంకె గరిష్ఠ పరిమితియే గాని నిత్యము పట్టవలసిన గాలి కాదు. పిదప చక్రముల నట్లు బిగువుగా నున్నవో లేవో చూడవలెను. వదులైన నట్టు అదురుతో మొదలై చక్రమూడుటతో ముగియవచ్చును.

అటుపైని లక్షణమును గమనింపుడు. స్టీరింగు చేతిలో అదరినచో ముందు చక్రములను, సీటు అదరినచో వెనుక చక్రములను అనుమానింపవలెను. ఒకానొక వేగమున మాత్రమే అదరి, అది దాటగానే తగ్గినచో చక్రపు తూకము సరిలేదని తలపవచ్చును. రిమ్మునకు చిన్న బరువులు తగిలించి దానిని సరిచేయుదురు. బండి యొకప్రక్కకు లాగినచో చక్రముల వరుస చూపింపవలెను. తూకము వేరు, వరుస వేరు. ఒకటి చేసి రెండును చేసితిమన్నచో ఒప్పుకొనరాదు. బ్రేకు నొక్కినప్పుడే అదరినచో దోషము బ్రేకుదై యుండవచ్చును.

చక్రమును పైకెత్తి త్రిప్పినప్పుడు అంచు ఎగిరెగిరి పడినచో రిమ్ము వంకరయో, టైరు గుండ్రముగా లేకపోవుటయో కారణము. అట్టిదానిని మార్పింపవలసినదే. ఎడ్లబండి చక్రమునకు ఇనుపకట్టు సరిగా కూర్చుండనిచో కమ్మరి మరల కాల్చి తొడుగును గాని, నడువగా సర్దుకొనునని చెప్పడు. లక్షలు పోసి కొన్న బండికి ఆపాటి న్యాయమైనను వలదా?

ఇంత స్వల్పవిషయమునకు తగవేల యని కొందరందురు. అదురు వలన టైర్లు హెచ్చుతగ్గులుగా నరుగును, బేరింగులు చెడును, టమాటాలు నలిగి ధర పడిపోవును. ఈ నష్టమంతయు రైతుదే. డీలరు టైరు కంపెనీ నడుగుమనును. వారు డీలరు నడుగుమందురు. కావున అదురు కనబడిన దినముననే ఇరువురకును వ్రాతపూర్వకముగా తెలిపి, అందినట్లు సంతకము పుచ్చుకొనవలెను. మరమ్మతు చీట్లను దాచవలెను. స్వయముగా నడుపుకొని జీవించుటకై బండి కొన్నవారు 2019 వినియోగదారుల రక్షణ చట్టము ననుసరించి, కారణము కలిగిన 2 సంవత్సరముల లోపల జిల్లా కమిషను నాశ్రయింపవచ్చును.

నా యభిప్రాయమున సంఘములు అప్పిచ్చుటతో తమ పని తీరినదని యెంచరాదు. బండి తెచ్చుకొను దినమున తెలిసిన డ్రైవరు నొకనిని సభ్యునితో పంపి, నడిపి చూచిన పిమ్మటనే సంతకము చేయింపవలెను. దోషము కనబడినచో సంఘము పేరననే ఉత్తరము వ్రాయవలెను. కిస్తీ మొదటి నెలనుండియే వసూలగుచున్నది. దోషమును సవరించుటయు ఆ నెలలోనే జరుగవలెను.